నిర్లక్ష్యం రుజువైనా దావా ఎందుకు పోతుంది? సౌతాఫ్రికా డెలిక్ట్ చట్టంలో ‘రాంగ్‌ఫుల్’ అని ఎలా తేలుస్తారు

మీ ప్రశ్న మొత్తం చదివాను. హైదరాబాద్‌లో ఎల్ఎల్‌బీ చేసి ఇప్పుడు కేప్‌టౌన్‌లో ఎల్ఎల్‌ఎం చదువుతున్నారు, అక్కడ టార్ట్స్‌లో (ఒకరి తప్పువల్ల నష్టపోయినవాడికి పరిహారం ఇప్పించే చట్టం, దీన్నే ఇక్కడ డెలిక్ట్ అంటారు) డ్యూటీ ఆఫ్ కేర్ అంటే ఎదుటివాడి పట్ల జాగ్రత్తపడాల్సిన బాధ్యత, దాన్ని మీరడం, నష్టం, ఈ మూడూ చూపిస్తే సరిపోయేది, ఇక్కడేమో ప్రతివాది నిర్లక్ష్యంగానే ఉన్నాడనుకున్నా సరే ‘రాంగ్‌ఫుల్ కాదు’ అని కోర్టు దావా కొట్టేస్తోంది, ఇదెలా కుదురుతుంది అన్నది మీ మొదటి అనుమానం. రెండోది మీ మూట్ కోర్టు (లా విద్యార్థులు వాదించే నమూనా కోర్టు) సమస్య: ఒక చిన్న ఊరి మున్సిపాలిటీ, ఫుట్‌పాత్ మీద మ్యాన్‌హోల్ మూత ఎవరో ఎత్తుకుపోయారు, రాత్రి ఒకావిడ అందులో పడి కాలు విరగ్గొట్టుకుంది, మూత లేదని అంతకుముందే ఒకరు ఫోన్ చేసి చెప్పారు కూడా. ఆవిడ తరఫున వాదించాలి. నేను జొహన్నెస్‌బర్గ్‌లో ఇన్సూరెన్స్ క్లెయిముల లీగల్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, నా టేబుల్ మీదకు వచ్చే ఫైళ్లలో పెద్ద గొడవంతా ఈ ఒక్క మాట దగ్గరే. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. నిర్లక్ష్యం అంటే ప్రతివాది ఎలా నడుచుకున్నాడు అన్న ప్రశ్న. రాంగ్‌ఫుల్‌నెస్ అంటే, అతను అలా నడుచుకున్నాడనే అనుకుందాం, ఆ నష్టం తాలూకు బిల్లు చట్టం అతని నెత్తిన వేయడం సబబేనా అన్న ప్రశ్న. రెండింటికీ జవాబు ఒకేలా రావాలని ఎక్కడా లేదు. మనిషి అజాగ్రత్తగా ఉన్నా సరే, సమాజం మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని చూస్తే ఈ రకం నష్టానికి ఈ రకం మనిషిని బాధ్యుణ్ణి చేయకూడదు అని కోర్టుకు అనిపిస్తే కథ అక్కడితో ముగిసింది.

ఇక్కడి డెలిక్ట్‌లో అయిదు అంశాలు (ఎలిమెంట్లు) ఉండాలని మీకు క్లాసులో చెప్పే ఉంటారు: ఒక చర్య లేదా చేయాల్సింది చేయకపోవడం, అది రాంగ్‌ఫుల్ కావడం, తప్పు అంటే ఉద్దేశమో నిర్లక్ష్యమో ఉండడం, కారణ సంబంధం, నష్టం. మనం ఇండియాలో చదివింది ఇంగ్లిష్ టార్ట్. ఇక్కడిది రోమన్ డచ్ మూలం, రోమన్ల లెక్స్ అక్విలియా నుంచి వచ్చిన చెట్టు. ఇంగ్లిష్ డ్యూటీ ఆఫ్ కేర్‌లో ‘ముందే ఊహించగలడా’ అన్నదీ, ‘బాధ్యుణ్ణి చేయాలా’ అన్నదీ కలిసిపోయి ఉంటాయి. ఇక్కడ వాటిని విడదీశారు. ఊహించడం, జాగ్రత్తపడడం నిర్లక్ష్యం కిందకు పోతాయి, దానికి 1966 నాటి క్రూగర్ వర్సెస్ కుట్సియా కేసులో జడ్జి హోమ్స్ పెట్టిన పరీక్ష ఇప్పటికీ నడుస్తోంది. తెరిచి వదిలేసిన గేటులోంచి గుర్రాలు రోడ్డెక్కి కారుకు అడ్డం పడిన కేసు అది. వివేకం ఉన్న మనిషి ఆ స్థానంలో ఉంటే హాని జరగొచ్చని ఊహించేవాడా, ఊహించి ఏదైనా జాగ్రత్త తీసుకునేవాడా, ఈయన తీసుకోలేదా. రాంగ్‌ఫుల్ వాదన మధ్యలో మీరు ‘ప్రతివాది ఊహించి ఉండాల్సింది’ అని మొదలుపెట్టారంటే, ఎదుటి లాయరు వెంటనే లేచి మీరు వేరే ఎలిమెంట్ గురించి మాట్లాడుతున్నారని పట్టుకుంటాడు.

ఇంకో చిక్కు, రెండు చోట్లా ‘రీజనబుల్’ అన్న మాటే వాడతారు. 2011లో లె రూ వర్సెస్ డే తీర్పులో జస్టిస్ బ్రాండ్ ఈ ముడి విప్పారు. ప్రిటోరియాలో స్కూలు పిల్లలు ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్ ముఖాలను ఒక అసభ్యమైన ఫొటో మీద అతికించి పంచారు, వైస్ ప్రిన్సిపాల్ పరువు నష్టం కింద దావా వేశారు, రాజ్యాంగ కోర్టు దాకా వెళ్లింది. ఆ తీర్పులో 122వ పేరా నోటికి వచ్చేదాకా చదవండి. సారాంశం ఏమిటంటే రాంగ్‌ఫుల్‌నెస్ దగ్గర మనం తూచేది ప్రతివాది నడవడి సబబుగా ఉందా అని కాదు, ఆ నడవడి వల్ల వచ్చిన నష్టానికి అతనిపై బాధ్యత మోపడం సబబా అని. ఆ తూకం పబ్లిక్ పాలసీ ప్రకారం, చట్టపరమైన విధానం ప్రకారం, రాజ్యాంగ విలువలకు లోబడి జరగాలి. నీత్లింగ్, పొట్గీటర్ లాంటి ప్రొఫెసర్లు ఈ పద్ధతిని గట్టిగా విమర్శించారు, నడవడి సబబుగా ఉందా లేదా అన్నదే పాత, సరైన పరీక్ష అని వాళ్ల వాదన. పరీక్షలో ఆ వాదన రాస్తే మార్కులు వస్తాయి. కోర్టులో మాత్రం బ్రాండ్ చెప్పిందే నడుస్తోంది, నా మటుకు నాకు కూడా అదే శుభ్రమైన దారి అనిపిస్తుంది, ఎందుకంటే పాత పద్ధతిలో జడ్జి ఒకే వాస్తవాన్ని రెండుసార్లు తూచేవాడు, రెండుసార్లూ ఒకే జవాబు వచ్చేది, అలాంటప్పుడు రాంగ్‌ఫుల్‌నెస్ అనే ఎలిమెంట్ విడిగా పెట్టుకుని లాభమేంటి?

ఇప్పుడు అసలు విషయం. ప్రతి కేసులోనూ ఇంత తర్జనభర్జన ఉండదు. నేను కారు నడుపుతూ మీ కాలు మీదుగా పోనిచ్చానంటే రాంగ్‌ఫుల్ అని విడిగా ఎవరూ వాదించరు. చేతులారా చేసిన పనివల్ల ఒంటికో ఆస్తికో నష్టం జరిగితే అది రాంగ్‌ఫుల్ అనే మొదట అనుకుంటారు, కాదని చెప్పాల్సిన పని ప్రతివాదిది. ఆత్మరక్షణ, తప్పనిసరి పరిస్థితి, నష్టపోయినవాడి సమ్మతి, చట్టం ఇచ్చిన అధికారం, ఇలాంటివి చూపించి బయటపడాలి. పరువు నష్టంలో కూడా అంతే, పరువు తీసే మాట ప్రచురించారని తేలితే రాంగ్‌ఫుల్ అనీ, కావాలనే చేశారనీ ముందు అనుకుంటారు, నిజం, ప్రజాప్రయోజనం లాంటి రక్షణలు ప్రతివాదే చూపించుకోవాలి.

ఈ రక్షణల్లోనూ తూకం సమాజం మనోభావాల మీదే ఉంటుంది. రగ్బీ కేసు ఒకటి చూడండి, రూ వర్సెస్ హాటింగ్, 2012, అప్పీల్ కోర్టు. స్కూలు పిల్లల అండర్ 19 మ్యాచ్, స్క్రమ్‌లో (రెండు జట్ల ఆటగాళ్లు తలలు వంచి ఎదురెదురుగా తోసుకునేది) ఎదుటి హుకర్ (ముందు వరస మధ్యలో ఉండే ఆటగాడు) తల పెట్టాల్సిన చోట కావాలని తన తల దూర్చాడు ఒక కుర్రాడు, ముందే ఒక కోడ్ మాట అనుకుని మరీ చేశారు, అవతలి కుర్రాడి మెడ విరిగింది. రగ్బీ ఆడేవాడు దెబ్బలకు ఒప్పుకునే దిగుతాడు కదా అంటే, ఆటలో మామూలుగా తగిలే దెబ్బలకు ఒప్పుకుంటాడు, రూల్స్‌ని కావాలని తుంగలో తొక్కి ప్రాణం మీదకు తెచ్చేదానికి ఒప్పుకోడు అన్నారు. ఆపరేషన్లలో సమ్మతి సంగతి 1994 కాస్టెల్ వర్సెస్ డి గ్రీఫ్‌లో ఉంది, రిస్కులు పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పకుండా తీసుకున్న సంతకం సమ్మతి కాదు అని. డాక్టర్లు ఏం చెప్పడం అలవాటో కాకుండా పేషెంటు స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అదే కొలబద్ద అయింది. ఈ భాగం మీకు కష్టం కాదు, ఇక్కడితో వదిలేస్తాను.

రాంగ్‌ఫుల్‌నెస్ నిజంగా పని చేసేది రెండు చోట్ల. ఒకటి, ప్రతివాది ఏమీ చేయలేదు, చేయాల్సింది చేయలేదు అన్న ఆరోపణ ఉన్నప్పుడు. రెండు, ఒంటికీ ఆస్తికీ ఏమీ కాలేదు, జేబుకు మాత్రమే నష్టం వచ్చింది అన్నప్పుడు. ఈ రెంటిలోనూ రాంగ్‌ఫుల్ అని ఎవరూ ముందుగా అనుకోరు. వాదే దాన్ని దావా కాగితంలో రాయాలి, ఎందుకు రాంగ్‌ఫుల్ అనాలో వాస్తవాలు పెట్టాలి, ఒప్పించాలి.

మొదటిది తీసుకుందాం. పక్కింటి స్విమ్మింగ్ పూల్‌లో పసిపిల్ల మునుగుతుంటే గట్టు మీద నిలబడి చూస్తున్న అపరిచితుడు చట్టం ప్రకారం బాధ్యుడా? ఇక్కడా కాదు, ఇండియాలోనూ కాదు. నీతి ప్రకారం ఛీ అంటాం, కానీ దావా నిలవదు. పాతకాలంలో కోర్టు ఇంకా బిగుసుకుని ఉండేది. 1912లో హాలివెల్ వర్సెస్ జొహన్నెస్‌బర్గ్ మున్సిపల్ కౌన్సిల్ అని ఒక కేసు, రోడ్డు మీద పరిచిన రాళ్లు అరిగి నున్నబడిపోయాయి, గుర్రం జారింది, మనిషికి దెబ్బ తగిలింది. మున్సిపాలిటీ కొత్తగా ఏదో చేసి ప్రమాదం తెచ్చిపెట్టిందా, లేదు, ఊరికే బాగుచేయలేదు, అంతే, కాబట్టి బాధ్యత లేదన్నారు. ముందు ఏదో ఒకటి చేసి ఉంటేనే తర్వాత చేయకపోవడం తప్పు అవుతుంది అన్న ఆ సూత్రం అరవై ఏళ్లు పైగా మున్సిపాలిటీలను కాపాడింది.

దాన్ని కూలగొట్టింది 1975లో మినిస్టర్ ఆఫ్ పోలీస్ వర్సెస్ ఈవెల్స్. పోలీస్ స్టేషన్‌లో, తోటి పోలీసులు చూస్తుండగా, డ్యూటీలో లేని ఒక సార్జెంటు ఒక పౌరుణ్ణి కొట్టాడు. ఆపగలిగిన వాళ్లు చుట్టూ ఉన్నారు, ఎవరూ కదల్లేదు. చీఫ్ జస్టిస్ రుంఫ్ అన్నది ఏమిటంటే, చేయకపోవడం అనేది జనానికి కోపం తెప్పించడంతో ఆగకుండా, సమాజం తాలూకు న్యాయ విశ్వాసాల ప్రకారం దాన్ని చట్టమే తప్పుగా చూడాలి, జరిగిన నష్టం ఆ చేయనివాడే కట్టాలి అనిపించే స్థాయికి వస్తే అప్పుడది రాంగ్‌ఫుల్ అని. స్టేషన్ నాలుగు గోడల మధ్య, కాపాడడమే ఉద్యోగమైన వాళ్ల కళ్ల ముందు జరిగింది కాబట్టి సర్కారు కట్టాల్సి వచ్చింది. ముందు చేసిన పని అన్నది ఆ తర్వాత తూకంలో ఒక అంశంగా మాత్రమే మిగిలింది, షరతుగా లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ‘సమాజం న్యాయ విశ్వాసాలు’ అన్నారు కదా అని రేడియోలో జనం ఏమంటున్నారో, పేపర్లో ఏం రాశారో కోర్టు చూడదు. జనాభిప్రాయ సేకరణ కాదిది. ఆ మాట వెనక ఏముందో 1996 రాజ్యాంగం వచ్చాక తేటతెల్లం అయింది, మనిషి గౌరవం, సమానత్వం, ప్రాణానికీ శరీరానికీ భద్రత, ప్రభుత్వం జవాబుదారీగా ఉండడం. 39వ సెక్షన్ రెండో క్లాజు ప్రకారం కోర్టులు కామన్ లాను (తీర్పుల ద్వారా పెరిగే చట్టాన్ని) బిల్ ఆఫ్ రైట్స్, అంటే రాజ్యాంగంలోని హక్కుల భాగం, స్ఫూర్తికి తగ్గట్టు పెంచి తీరాలి.

అది ఎలా జరిగిందో చెప్పే కేసు కార్మికేలె, 2001, రాజ్యాంగ కోర్టు. ఈ కేసు గురించి రాసేటప్పుడు నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. 1995 ఆగస్టు, నైస్నా దగ్గర నూట్జీ అనే చిన్న సముద్ర తీరపు ఊరు. ఒక స్త్రీ మీద అత్యాచార ప్రయత్నం కేసు నడుస్తున్న మనిషి, అంతకుముందే లైంగిక నేరంలో శిక్ష పడ్డవాడు, బెయిల్ డబ్బు కూడా కట్టకుండా బయట తిరుగుతున్నాడు. పాత శిక్ష సంగతి మేజిస్ట్రేటు ముందు పెట్టలేదు. వాడు చుట్టుపక్కల ఇళ్ల దగ్గర తచ్చాడుతున్నాడు, లోపల పెట్టండి అని ఊళ్లో ఆడవాళ్లు పోలీసుల దగ్గరకూ ప్రాసిక్యూటర్ దగ్గరకూ వెళ్లి మొత్తుకున్నారు. ఏమీ చేయలేం అన్నారు. ఆ తర్వాత వాడు ఒక ఇంట్లో దూరి కార్మికేలె మీద దాడి చేశాడు. ఆమె పోలీసులు, ప్రాసిక్యూటర్ల నిర్లక్ష్యం మీద మంత్రుల్ని ప్రతివాదులు చేసి దావా వేస్తే, హైకోర్టు ప్రతివాదుల సాక్ష్యం దాకా కూడా పోకుండానే కొట్టేసింది, అప్పీల్ కోర్టూ అదే సరైందంది, చట్టం ప్రకారం అలాంటి బాధ్యత లేదని. రాజ్యాంగ కోర్టు దాన్ని పక్కకు పెట్టి, పాత సూత్రం ఇదీ అని చదివి ఊరుకుంటే కుదరదు, రాజ్యాంగం వచ్చాక ఆ సూత్రం మారాలేమో అని అడిగి తీరాల్సిన బాధ్యత కోర్టులదే అని చెప్పి వెనక్కి పంపింది. తర్వాత ఆమె హైకోర్టులో గెలిచింది, 2003లో అప్పీల్ కోర్టు కూడా ఖాయం చేసింది.

ఈలోగా అప్పీల్ కోర్టు తనే దారిలోకి వచ్చింది. 2002లో వాన్ డైవెన్‌బోడెన్ కేసు. తాగి తుపాకులతో ఇంట్లోవాళ్లను బెదిరించే ఒక మనిషి, లైసెన్స్ తుపాకులున్నాయి, పోలీసులకు ముందే తెలుసు, వాటిని తీసేసుకోవడానికి విచారణ మొదలుపెట్టే అధికారం చట్టం ఇచ్చింది, వాళ్లు మొదలుపెట్టలేదు. 1995 అక్టోబరులో అతను భార్యనూ కూతురినీ కాల్చి చంపాడు, సాయానికి వచ్చిన పొరుగాయనను కూడా కాల్చాడు. ఆ పొరుగాయన వేసిన దావాలో జడ్జి న్యూజెంట్ రాసింది చదవాలి. పోలీసుల్ని బాధ్యుల్ని చేస్తే వాళ్లు భయపడి పని చేయలేరు, డబ్బు అటు పోతుంది అన్న వాదనను ఆయన తోసిపుచ్చలేదు, తూకంలో పెట్టారు. పెట్టి, అవతలి పళ్లెంలో రాజ్యాంగం చెప్పే జవాబుదారీతనాన్ని పెట్టి, ఇక్కడ ఎన్నికలో, శాఖాపరమైన విచారణో ఆ జవాబుదారీతనం తేలేవి కావు, నష్టపరిహారం దావా ఒక్కటే దారి, కాబట్టి బాధ్యత ఉండాలన్నారు. మీరు మూట్‌లో వాడాల్సింది ఈ పద్ధతినే. రెండు వైపులా ఉన్న బరువులు పేరు పెట్టి చెప్పాలి, చివర్న ఒకటి ఎందుకు బరువైందో చెప్పాలి. ‘సమాజం కోరుతోంది’ అని గొంతు పెంచితే జడ్జికి ఏమీ అందదు.

అదే వరసలో 2015లో మషోంగ్వా వర్సెస్ ప్రాసా (ప్రయాణికుల రైళ్లు నడిపే ప్రభుత్వ సంస్థ) ఉంది. 2011 జనవరి 1న లోకల్ ట్రైనులో దొంగలు ఒక ప్రయాణికుణ్ణి దోచుకుని కదులుతున్న రైల్లోంచి తోసేశారు, కాలు తీసేయాల్సి వచ్చింది. తోసింది దొంగలు, రైల్వే కాదు. కానీ తలుపులు తెరిచే రైలు నడిపారు. ప్రయాణికుడు టికెట్ కొని పెట్టెలో ఎక్కాక తన భద్రత తన చేతిలో ఉండదు, ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంటుంది, కాబట్టి చేయకపోవడం రాంగ్‌ఫుల్ అని చీఫ్ జస్టిస్ మొగోయెంగ్ తీర్పు. ఇలాంటి కేసుల్లో పదే పదే కనిపించే ప్రశ్నలు ఇవే: ప్రమాదం ఎవరి అదుపులో ఉంది, ప్రతివాదికి ముందే తెలుసా, ఆపే అధికారం చట్టం ఇచ్చిందా, ఆపడానికి పెద్ద ఖర్చవుతుందా, నష్టపోయినవాడికి తనను తాను కాపాడుకునే దారి ఉందా. చట్టంలో ఒక డ్యూటీ రాసి ఉంది, దాన్ని మీరారు అన్నంత మాత్రాన డెలిక్ట్‌లో రాంగ్‌ఫుల్ అయిపోదు, అది కూడా తూకంలో ఒక బరువే.

ఇక డబ్బు నష్టం సంగతి. దీనికి ఇక్కడి కోర్టులు ఎందుకంత భయపడతాయంటే, ఒంటికి తగిలే దెబ్బ ఎంతమందికి తగులుతుందో ఒక హద్దు ఉంటుంది, జేబు నష్టానికి హద్దు ఉండదు. ఒక క్రేన్ డ్రైవర్ కరెంటు కేబుల్ తెంపితే ఆ పేటలో ప్రతి షాపూ ఆ రోజు అమ్మకం పోయిందని దావా వేస్తే ఎక్కడ ఆగుతుంది? 1979లో ట్రస్ట్ బ్యాంక్ కేసులో ఇలాంటి దావా సూత్రప్రాయంగా వేయొచ్చని ఒప్పుకున్నారు, కానీ ప్రతిదాన్నీ రాంగ్‌ఫుల్‌నెస్ గేటు దగ్గర ఆపి చూస్తారు.

మీరు ఉంటున్న ఊరి కేసే చెబుతాను. వాటర్‌ఫ్రంట్‌లో టూ ఓషన్స్ అక్వేరియం చూసే ఉంటారు. దాన్ని నడిపే ట్రస్ట్, డిజైన్ చేసిన ఇంజనీర్ల మీద నిర్లక్ష్యం అని దావా వేసింది, 2005లో అప్పీల్ కోర్టులో ఓడిపోయింది. మీరు అడిగిన ‘నిర్లక్ష్యం ఉన్నా రాంగ్‌ఫుల్ కాదు’ అన్నదానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ లేదు. ఇంజనీర్లు నిర్లక్ష్యం చేశారనే అనుకుని మొదలుపెట్టారు. అయినా, వాళ్లతో కాంట్రాక్టులో తమకు కావాల్సిన రక్షణ రాయించుకునే అవకాశం ఉన్నవాళ్లు రాయించుకోకుండా, తర్వాత వచ్చి డెలిక్ట్‌తో ఆ ఖాళీ పూడ్చమంటే చట్టం పూడ్చదు అన్నారు.

2014లో కంట్రీ క్లౌడ్ కేసులో రాజ్యాంగ కోర్టు ఇంకో అడుగు ముందుకు వెళ్లింది. సొవెటోలో క్లినిక్ కడుతున్న కాంట్రాక్టర్‌కు కంట్రీ క్లౌడ్ 1 కోటీ 20 లక్షల ర్యాండ్లు అప్పు ఇచ్చింది. గౌటెంగ్ ప్రావిన్స్ శాఖ ఆ కాంట్రాక్టును రద్దు చేసింది, కాంట్రాక్టర్ దివాలా తీశాడు, అప్పు మునిగింది. కాంట్రాక్టును చెడగొట్టింది శాఖే, అదీ తెలిసి తెలిసి, కాబట్టి నా డబ్బు నువ్వే కట్టు అని దావా. జస్టిస్ ఖంపెపె ఒప్పుకోలేదు. ఇక్కడ నిర్లక్ష్యం కూడా కాదు, ఉద్దేశం ఉందనుకున్నా సరే, అప్పిచ్చినవాడు తన రిస్కుకు తగ్గ హామీలు కాంట్రాక్టులోనే తెచ్చుకోగలడు, ఒక కాంట్రాక్టు రద్దు చేసిన ప్రతిసారీ దాని వెనక డబ్బు పెట్టిన ప్రతివాడికీ జవాబు చెప్పుకోవాలంటే కుదరదు అన్నారు. టెండర్ల కేసుల్లోనూ ఇదే ధోరణి. 2006 స్టీన్‌కాంప్ కేసులో టెండర్ బోర్డు చేతకానితనం వల్ల టెండరు కొట్టివేతకు గురై, అప్పటికే పెట్టిన ఖర్చులు పోగొట్టుకున్న కంపెనీకి కూడా పరిహారం దక్కలేదు.

దీనికి ఎదురుగా గెలిచిన కేసు ఒకటి పెట్టి చూస్తేనే ఆ గేటు ఎలా తెరుచుకుంటుందో అర్థమవుతుంది. ఫోర్‌వే హాలేజ్, 2008లో వచ్చిన తీర్పు. ఎన్‌1 హైవే మీద యాక్సిడెంటై లారీలోంచి ఆస్బెస్టాస్ పొడి రోడ్డంతా పడింది. శుభ్రం చేసేదాకా రోడ్డు మూసేశారు, ఆ సమయంలో రావాల్సిన టోల్ డబ్బు నేషనల్ రోడ్స్ ఏజెన్సీకి రాలేదు, దానికి దావా. రోడ్డు పాడైనందుకు కాదు, టోల్ పోయినందుకు. గెలిచింది. ఎందుకంటే దావా వేయగలిగింది ఒక్క సంస్థే, పోయిన మొత్తం ఎంతో లెక్క తేలుతుంది, వరదలా దావాలు వస్తాయన్న భయం లేదు. పైగా దారినపోయే ప్రతి లారీ యజమానితో ముందే కాంట్రాక్టు రాసుకోవడం ఏ టోల్ సంస్థకు సాధ్యం? తీర్పు రాసింది అదే బ్రాండ్. అక్వేరియం ట్రస్ట్‌ను ఓడించిన చేత్తోనే దీన్ని గెలిపించారంటే తేడా ఎక్కడుందో కనిపిస్తుంది, తనను తాను కాపాడుకునే దారి ట్రస్ట్‌కు ఉంది, రోడ్స్ ఏజెన్సీకి లేదు.

క్లెయిములు చూసేవాడిగా ఒక ప్రొసీజర్ విషయం కూడా చెప్పాలి, పుస్తకాల్లో దీన్ని చివరి అధ్యాయంలో తోసేస్తారు. దావా కాగితం రాగానే మేం మొదట చూసేది చేయకపోవడం కేసా, డబ్బు నష్టం కేసా, అయితే రాంగ్‌ఫుల్ అనడానికి వాస్తవాలు విడిగా రాశారా అని. ‘ప్రతివాది జాగ్రత్త వహించాల్సిన బాధ్యత కలిగి ఉన్నాడు, దాన్ని నిర్లక్ష్యంగా మీరాడు’ అని ఒక లైన్ రాసి వదిలేసినవి ఎన్నో వస్తాయి. అలాంటి వాటి మీద ఎక్సెప్షన్ వేస్తారు, అంటే నువ్వు రాసిందంతా నిజమే అనుకున్నా చట్టం ప్రకారం దావా నిలవదు అని. సాక్షుల్ని పిలవకుండానే తేలిపోతుంది. 2005లో టెలిమాట్రిక్స్ కేసు అలాగే పోయింది, అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ సంస్థ తన ప్రకటనను తప్పుగా ఆపేసిందని ఒక కంపెనీ వేసిన దావా, తీర్పు చెప్పేవాళ్లు నిజాయితీగా పొరపాటు పడితే దానికి డబ్బు కట్టమనడం సరికాదని జడ్జి హార్మ్స్ ఎక్సెప్షన్ దశలోనే ముగించారు. అలాగని ప్రతిదీ ఆ దశలో తేలదు. 2014లో గర్భస్థ శిశువు స్కానింగ్ కేసులో, పుట్టబోయే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందని చెప్పలేదని బిడ్డ తరఫున వేసిన దావాను కింది కోర్టు ఎక్సెప్షన్ మీద కొట్టేస్తే, ఇంత కొత్త, ఇంత సున్నితమైన ప్రశ్నను వాస్తవాలు వినకుండా మూసేయకండి అని రాజ్యాంగ కోర్టు వెనక్కి పంపింది.

ఇక మీ మ్యాన్‌హోల్. మీకు దగ్గరి కేసు 2000 నాటి బక్కెరుడ్, అదీ కేప్‌టౌన్‌దే, క్యాంప్స్ బేలో ఫుట్‌పాత్ గుంతల్లో కాలు పడి ఒక మహిళ పడిపోయింది. జడ్జి మరే హాలివెల్ నాటి రక్షణ కవచం లేదన్నారు, అలాగని ప్రతి గుంతకూ మున్సిపాలిటీ బాధ్యత అనీ అనలేదు. డబ్బులేని చిన్న పంచాయతీ, దాని ముందు ఇంకా పెద్ద అవసరాలు ఉన్నప్పుడు, బాధ్యత లేదని తేలొచ్చు అని కూడా రాశారు. మీ ప్రతివాది చిన్న ఊరు కాబట్టి ఎదుటి పక్షం ఆ వాక్యాన్నే పట్టుకుని వేలాడుతుంది, ముందే సిద్ధంగా ఉండండి. మీ జవాబు అందులోనే ఉంది. కేప్‌టౌన్ గుంతలు చిన్నవి, మీది మనిషి పట్టే గొయ్యి. మూత కొత్తది వేయడానికి డబ్బు లేకపోవచ్చు, చుట్టూ నాలుగు కర్రలు పాతి ఒక టేపు కట్టడానికి బడ్జెట్ అక్కర్లేదు. దొంగ ఎత్తుకుపోయాడన్నది వాళ్లను కాపాడదు, మషోంగ్వాలో తోసింది కూడా దొంగలే. అన్నిటికంటే ముఖ్యం ఆ ఫోన్ కాల్. అది లేకపోతే ఊళ్లో ప్రతి మూతనూ రోజూ వెళ్లి చూడమంటున్నారా అని అడుగుతారు, ఉంటే ఆ మాటే రాదు.

కానీ ఆ ఫోన్ కాల్‌ను ఎక్కడ వాడుతున్నారో గమనించండి. రాంగ్‌ఫుల్ దగ్గర ‘మున్సిపాలిటీకి ఫలానా ప్రమాదం ఉందని నిజంగా తెలుసు, దాని మీద అదుపు వాళ్లకే ఉంది, నడిచేవాళ్లకు చీకట్లో తెలిసే దారి లేదు, కాబట్టి బాధ్యత మోపాలి’ అని వాడండి. నిర్లక్ష్యం దగ్గర ‘తెలిశాక వివేకం ఉన్న సంస్థ ఎన్ని గంటల్లో ఏం చేసి ఉండేది, వీళ్లు ఏం చేశారు’ అని విడిగా వాడండి. రెండూ ఒకే పేరాలో కలిపేస్తే జడ్జి మొదటి ప్రశ్నే దాని మీద వేస్తారు. మీ స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్‌లో ఆ కాల్ ఎప్పుడు వచ్చిందో, ఎవరు తీసుకున్నారో, ఎక్కడ రాసుకున్నారో, పడిపోయిన రాత్రికి మధ్య ఎంత గడువుందో మళ్లీ ఒకసారి చూసుకోండి, అవి ఉంటే ఇక్కడ రాయండి, వాదన పేరాలు ఎలా పేర్చాలో నేను చూసి చెబుతాను.